ఎవరు చెప్పారన్న గడి

మీ ఆయన ఏం పని చేసేవారని ఎవరైనా అడిగితే మా బేగం "కంప్యూటర్లకు వాచ్‌మన్" అని చెబుతుంది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. సర్వీసులో సగం టెలిఫోన్ స్తంభాలెక్కి, మిగతా సగం ఏసీ గదిలో కళ్లు పాడుచేసుకుని గడిపితే చివరికి దక్కిన పేరు ఇదా అని దెబ్బలాడేవాణ్ణి. రిటైరయ్యాక తీరిగ్గా ఆలోచిస్తే అంతకన్నా సరైన మాట నాకూ దొరకలేదు.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నా పని గురించి రెండు ముక్కల్లో చెబుతాను. ఇప్పుడు కంపెనీలు తమ సర్వర్లను తమ గదుల్లో పెట్టుకోవడం లేదు, క్లౌడ్‌లో అద్దెకు తీసుకుంటున్నాయి. అక్కడ ప్రతి సర్వర్‌కూ ఒక జాబితా ఉంటుంది. ఏ చిరునామా నుంచి వచ్చినవాణ్ణి ఏ తలుపు గుండా రానివ్వాలో అందులో రాసి ఉంటుంది. చిరునామా ఉండాల్సిన చోట నాలుగు సున్నాలు పెట్టారంటే ప్రపంచంలో ఎవడైనా వచ్చి ఆ తలుపు తట్టవచ్చు. మా పని ఆ జాబితాలను రోజంతా కనిపెట్టి ఉండటం. మనవాళ్లు పొరపాటున తెరిచి వదిలేసిన తలుపులూ, ఎవరో కావాలని తెరిచిన తలుపులూ వెతికి పట్టుకోవాలి. చిక్కంతా ఎక్కడంటే, తెర మీద ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏది పొరపాటో ఏది ద్రోహమో చెప్పాల్సింది మనిషే. నేను ఒకసారి ఆ తేడా తప్పు చెప్పాను. ఇప్పుడు రాస్తున్నది ఆ సంగతే.

మా ఆఫీసు మడికొండ ఐటీ పార్కులో ఉండేది. పన్నెండు మందిమి, వాళ్లలో నేనే ముసలివాణ్ణి. కుర్రాళ్లంతా నన్ను బాబాయ్ అన్నట్టుగా కాకా అనేవాళ్లు. నా దగ్గర పని నేర్చుకోని వాళ్లు ఆ గదిలో లేరు, నా చేత తిట్లు తినని వాళ్లు అసలే లేరు. ఎవరు ఏ తలుపు తెరిచినా ఎందుకు తెరిచారో, ఎప్పటిదాకా తెరిచారో సాఫ్ట్‌వేర్‌లో రాసి తీరాలని నా పట్టు. ఎవరైనా ఆ గడి ఖాళీగా వదిలితే పేరు పెట్టి పిలిచి అందరి ముందూ నిలబెట్టేవాణ్ణి. అది క్రమశిక్షణ అనుకునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తుంది, అందులో సగం నోటిదురుసు.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి రఘునాథపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ల నాన్న పత్తి రైతు. వాళ్ల ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఆమెదే మొదటిది. నేను తిడితే మిగతావాళ్లు తలలు వంచుకునేవాళ్లు గానీ ఈమె మాత్రం నోట్సు తీసుకునేది. ఏం రాశావని ఒకసారి లాక్కుని చూస్తే, తిట్లు తీసేసి పనికొచ్చే ముక్కలు మాత్రమే రాసుకుని ఉంది. ఆ రోజు నుంచి నాకు ఆమె అంటే ప్రత్యేకమైన అభిమానం.

గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు మా వర్ధన్నపేట వైపు మనిషే, నా ఈడువాడే. శుక్రవారం నమాజుకు ఇద్దరం నా స్కూటర్ మీద పోయేవాళ్లం. మనిద్దరిదీ ఒకటే డ్యూటీ అని నన్ను ఆటపట్టించేవాడు. ఆయనకో పాత రిజిస్టర్ ఉండేది. లోపలికి వచ్చిన ప్రతివాడూ పేరు, టైము, ఎవరి కోసం వచ్చాడు, ఎవరు రమ్మన్నారు అన్నీ రాసి సంతకం పెట్టాలి. మేనేజర్‌నైనా రాయనిదే వదిలేవాడు కాదు.

ఇంకో రెండు సంగతులు చెప్పాలి. మా గదిలోకి సెల్‌ఫోన్లు తీసుకుపోనివ్వరు, తలుపు బయట గూళ్లలో పెట్టి లోపలికి పోవాలి. లోపల ఒక పాత డెస్క్ ఫోన్ మాత్రం ఉంటుంది. ఎవరు చేశారో నంబరు కూడా చూపించని ఫోన్ అది. రెండోది నా అలవాటు. శుక్రవారం నమాజుకు పోయేటప్పుడు నా ఫోన్ ఆ గూట్లోనే వదిలేసి పోయేవాణ్ణి. ఆ గంటలో అల్లా తప్ప ఎవరూ నన్ను పిలవడానికి వీల్లేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. ఆఫీసులో అందరికీ తెలిసిన విషయమే.

ఇక అసలు కథ. మేము కాపలా కాసే క్లయింట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. వాళ్ల స్కాన్ రిపోర్టులన్నీ అప్పుడే క్లౌడ్‌కు మారుతున్నాయి. మార్పు జరుగుతున్నన్ని రోజులూ ఆ సర్వర్ నుంచి ఉత్తుత్తి హెచ్చరికలు వానలా కురిసేవి. విసుగొచ్చి ఒక నెలపాటు ఆ సర్వర్ హెచ్చరికలు ఆపి ఉంచుదామని అందరం కలిసి నిర్ణయించాం. నేనూ తలూపాను.

నెల గడిచింది. సోమవారం ఉదయం హెచ్చరికలు మళ్లీ మొదలుపెట్టగానే తెర ఎర్రబడింది. ఆ సర్వర్‌కు నాలుగు సున్నాలతో ఒక తలుపు బార్లా తెరిచి ఉంది. తెరిచి మూడు వారాలైంది. ఎవడో ఊరూపేరూ లేనివాడు రోజుల తరబడి తలుపు తట్టీ తట్టీ, పాస్‌వర్డ్‌లు మార్చి మార్చి, చివరికి లోపలికి దూరాడు. దూరి తనకోసం ఒక దొంగ అకౌంటు చేసిపెట్టుకున్నాడు. ఇంకా దేన్నీ ముట్టుకోలేదు. నేను తలుపు మూయించాను, వాణ్ణి బయటికి తోయించాను. మధ్యాహ్నానికల్లా సర్వర్ శుభ్రమైంది. ఇంత వయసులోనూ చేతివాడి తగ్గలేదని లోలోపల మురిసిపోయాను.

తరువాత ఎవరు తెరిచారా అని చూశాను. మా రఘునాథపల్లి అమ్మాయి లాగిన్. శుక్రవారం మధ్యాహ్నం, నేను నమాజులో ఉండే టైము. ఎందుకు తెరిచారన్న గడి ఖాళీ.

నా కోపం మామూలుగా రాలేదు. అభిమానించిన పిల్ల కాబట్టి రెట్టింపు వచ్చింది. దానికి తోడు ఇంకో విషయం గుర్తుకొచ్చింది. ఆ శుక్రవారం తరువాతి వారం ఆమె జ్వరమని సెలవు పెట్టి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు పోయిందని ఎవరో నా చెవిన వేశారు. నేను గదిలో లేని టైము చూసుకుంది, తలుపు తెరిచింది, కారణం రాయలేదు, వేరే ఉద్యోగం వెతుక్కుంది. నా బుర్రలో అన్నీ టకటకా ఒకదానికొకటి అతుక్కున్నాయి. కూర్చుని రిపోర్టు రాశాను. అందులో ఒక వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "ఇది పొరపాటుగా కనిపించడం లేదు."

ఆ వాక్యానికి మా రంగంలో ఎంత బరువుందో మీకు తెలియాలి. పొరపాటు చేసినవాళ్లకు మెమో ఇస్తారు. కావాలని చేశారని కాగితం మీద పడితే మాత్రం ఈ పనిలో ఇంకెక్కడా కూర్చోనివ్వరు. తాళంచెవులు దొంగ చేతికి ఎవరిస్తారు? ఇరవై నాలుగేళ్ల పిల్ల బతుకును నేను ఆ ఒక్క ముక్కతో ముడివేసేశాను.

మరునాడు విచారణ. మేనేజర్, నేను, ఆ అమ్మాయి, తెర మీద హైదరాబాద్ నుంచి హెచ్‌ఆర్ వాళ్లు. తలుపు నువ్వే తెరిచావా అని అడిగారు. అవునంది. ఎందుకని అడిగారు. ఆమె నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది.

"కాకే ఫోన్ చేసి తెరువుమన్నడు. నేనచ్చి రాస్త, నేనే మూస్త, నువ్వు పట్టకు అన్నడు."

నేను బిత్తరపోయాను. నా గుండెలో రవ్వంత అనుమానమైనా లేదు, అది మీరు నమ్మాలి. అబద్ధానికి నా పేరే దొరికిందా అని ముఖం ఎర్రబడింది.

"శుక్రవారం ఆ టైముల నా దగ్గర ఫోనే ఉండది బిడ్డా," అన్నాను. "ఈ సంగతి అందరికి ఎరికె. జర ఆలోచించి చెప్పు."

మేనేజర్ అవునన్నట్టు తలూపాడు. ఆమె నన్ను కాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టుంది. తరువాత ఎన్ని అడిగినా ఇంకో మాట మాట్లాడలేదు. విచారణ ముగిసేదాకా గదిలోకి రావద్దని, ఇంటి దగ్గరే ఉండమని ఐడీ కార్డు తీసుకున్నారు.

ఆమె ఇంటి దగ్గర ఉండలేదు. ఉంటే ఇంట్లో కారణం చెప్పాలి కదా. రోజూ అదే బస్సుకు వచ్చేది, గేటు దగ్గర గార్డు వేసిన ప్లాస్టిక్ కుర్చీలో టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చునేది. నేను స్కూటర్ ఆపి రిజిస్టర్‌లో సంతకం పెట్టి ఆమె ముందునుంచే పోవాలి. మొదటి రోజే లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ సార్," అంది. అప్పటిదాకా నన్ను ఎన్నడూ సార్ అనలేదు. తప్పు చేసినవాళ్లకే రోషం ఎక్కువని మనసులో అనుకుని లోపలికి పోయాను.

శుక్రవారం వచ్చింది. గార్డు గేటు దగ్గర ఇంకొకతన్ని కూర్చోబెట్టి నా వెనక స్కూటరెక్కాడు. మసీదులో కుళాయి ముందు కూర్చుని, నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే వజూ చేసుకుంటున్నాను. మోచేతుల దాకా నీళ్లు. పక్కనే గార్డు ఫోన్ మోగింది. చూసి నా వైపు వంగాడు.

"భాయ్, ఆ దవాఖాన సార్. నీకోసమే చేస్తాండు. మొన్నటి లెక్క చెవికి పట్టుకోవాల్నా?"

మొన్నటిలాగా అంటే ఏమిటని అడగబోయాను. ఆ లోపలే ఆయన ఫోన్ నా చెవికి ఆనించాడు. తడి చెవికి ఆ అద్దం చల్లగా తగలగానే నాకు మొత్తం గుర్తుకొచ్చింది.

నాలుగు శుక్రవారాల కింద ఇదే కుళాయి ముందు ఇలాగే కూర్చుని ఉన్నాను. ఆసుపత్రి ఇంజనీరు నా ఫోన్‌కు చేసి చేసి, ఎత్తకపోయేసరికి గార్డుకు చేశాడు. దారి అడగడానికని వచ్చేవాళ్లందరికీ ఇచ్చే నంబరు గార్డుదే. ఇంజనీరు ఎక్కడో ప్రయాణంలో ఉన్నాడు, సర్వర్ అందడం లేదు, అర్జంటు. చిరునామా మాటిమాటికీ మారిపోతోంది, కాసేపు అందరికీ తెరిపించండి సార్ అని బతిమాలాడు. నా చేతులు తడి. గార్డే డెస్క్ ఫోన్‌కు కలిపి నా చెవి దగ్గర పట్టుకున్నాడు. ఆ పిల్ల ఎత్తింది. ఆమె చెప్పిన మాటలన్నీ నేను అన్నవే. నువ్వు పట్టకు అని కూడా అన్నాను, మూసేటప్పుడు పిల్లలు ఏదో ఒకటి చెడగొడతారని నాకో నమ్మకం. నమాజు అయ్యి ఆఫీసుకు తిరిగొచ్చేసరికి కరెంటు పోయి, యూపీఎస్ మొరాయించి, గదంతా గోలగా ఉంది. సాయంత్రం దాకా దాంతోనే సరిపోయింది. ఫోన్ నేను చేత్తో ముట్టుకోనే లేదు. నా దగ్గర ఫోన్ లేదన్న మాట మాత్రం బుర్రలో గట్టిగా ఉండిపోయింది, మాట్లాడిన నిమిషం జారిపోయింది.

ఇంజనీరు అటునుంచి ఏమడిగాడో వినలేదు. తరువాత మాట్లాడతానని చెప్పించాను. నమాజులో నిలబడ్డాను, వంగాను, లేచాను. ఏం చదివానో అల్లాకే తెలియాలి.

తిరిగొచ్చేసరికి ఆమె గేటు దగ్గర డబ్బా మూత తీసుకుని తింటోంది. నన్ను చూసి తినడం ఆపి లేవబోయింది. కూర్చో అని చెయ్యి ఊపి లోపలికి పోయాను. అప్పుడే అక్కడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తరువాతి గంట సంగతి ఇంతవరకూ మా బేగంకు కూడా చెప్పలేదు, మీకు చెబుతున్నాను. నా కుర్చీలో కూర్చుని, ఇది ఎవరికి తెలుసు అని లెక్క వేశాను. గార్డుకు ఫోన్ సంగతి తెలుసు గానీ దాని అర్థం తెలియదు. ఇంజనీరుకు తెలుసు గానీ మా ఆఫీసు గొడవ తెలియదు. రిటైర్మెంటుకు రెండు నెలలుంది. ఒక్క మచ్చ లేని సర్వీసని సన్మానపత్రం కూడా రాయించారట. ఆ అమ్మాయి ఎలాగూ వేరే ఉద్యోగం చూసుకుంటోంది కదా అని కూడా అనుకున్నాను. అంత నీచంగా ఆలోచించానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ ఆలోచనల మధ్యే గార్డు రిజిస్టర్ పట్టుకుని పైకి వచ్చాడు. గేటు దగ్గర సంతకం పెట్టకుండా వచ్చేశానట. పెన్ను నా చేతిలో పెట్టి, "ఎన్నడు మర్షిపోవు గద భాయ్, పానం మంచిగ లేదా?" అని అడిగాడు. సంతకం పెట్టబోతుంటే పేజీ మీద ఆ గడి కనిపించింది. ఎవరు రమ్మన్నారు. పదో తరగతి కూడా దాటని మనిషి కాపాడుతున్న రిజిస్టర్‌లో ఉన్న గడి, మా లక్షణమైన సాఫ్ట్‌వేర్‌లో లేదు. అందులో ఎవరు తెరిచారో ఉంటుంది, ఎవరు తెరవమన్నారో ఉండదు. నేనెంత గదమాయించి నేర్పినా ఆ ప్రశ్న నాకే ఎన్నడూ తట్టలేదు. తెరవమని చెప్పేవాణ్ణి నేనే కాబట్టి తట్టి ఉండదు.

సంతకం పెట్టి నేరుగా మేనేజర్ గదికి పోయాను. అంతా విన్నాడు. మంచివాడే, నా మేలు కోరే అన్నాడు.

"ఇప్పుడెందుకు సార్ ఇదంత? పొరపాటని మార్చి రాద్దాం. ఆమెకు మెమో ఇచ్చి వదిలేద్దాం. మీ పేరు ఎందుకు తేవుడు?"

"పొరపాటే," అన్నాను. "కని నాది."

రెండో రిపోర్టు నేనే రాశాను. మొదటి రిపోర్టు తప్పు అన్న వాక్యంతో మొదలుపెట్టాను. హైదరాబాద్ వాళ్లు నన్ను తెర మీదికి పిలిచి చాలాసేపు అడిగారు. ఆసుపత్రి వాళ్లకు కూడా జరిగింది జరిగినట్టు తెలియజేశారు. నా ఫైలులో ఒక హెచ్చరిక పత్రం చేరింది. సన్మానపత్రంలో ఒక్క మచ్చ లేని అన్న మాటలు కొట్టివేయించాల్సి వచ్చింది, అది నేనే అడిగి చేయించాను.

ఆ శుక్రవారం సాయంత్రమే బస్సుకు ముందు గేటు దగ్గరికి పోయాను. గార్డు తన కుర్చీ నాకిచ్చి పక్కకు పోయాడు. ఆమె పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. కుళాయి, తడి చేతులు, చెవి దగ్గర ఫోన్. ఆమె వింటూ డబ్బా మూత తిప్పుతూనే ఉంది.

"నిజంగనే యాది లేదా సార్ మీకు?"

"లేదు బిడ్డా. ఒట్టు."

"మీరు తెలిసే అబద్ధం చెప్తాండ్రనుకున్న," అంది. "గందుకే మల్ల మాట్లాడలె. నన్ను నమ్మకున్నా సరె. మీరే గట్ల అంటె ఇంకెవలికి చెప్పాలె?"

గడి ఎందుకు ఖాళీగా వదిలావమ్మా, కాక చెప్పిండు అని ఒక్క ముక్క రాస్తే అయిపోయేది కదా అన్నాను. ఆమె నా కేసి వింతగా చూసింది.

"మీ పేరు ఎట్ల రాస్త? మీ మీద చాడీ చెప్పినట్టుండదా?"

పిల్లలందరూ అంతే చేస్తున్నారని తరువాత కనుక్కుంటే తెలిసింది. పెద్దవాళ్లు నోటితో చెప్పిన పనికి పెద్దవాళ్ల పేరు రాయరు. తమ పేరు రాసుకుంటారు, లేకపోతే ఖాళీగా వదిలి పెద్దాయన వచ్చి రాస్తాడని కూర్చుంటారు. నేను భయపెట్టి పెంచిన మర్యాద అది. ఆ మర్యాదలోంచే దొంగ ఆసుపత్రిలోకి దూరాడు.

హైదరాబాద్ ఇంటర్వ్యూ సంగతి కూడా ఆమే చెప్పింది. పోయిన మాట నిజమేనట. ఉద్యోగం ఇస్తామన్నారట గానీ, ఇక్కడ ఇంకో ఏడాది నేర్చుకుంటే మేలని తనే వద్దనుకుందట. అది విని నేను ఎటు చూడాలో తెలియక గేటు అవతలి రోడ్డు కేసి చూస్తూ ఉండిపోయాను.

సోమవారం ఆమె కార్డు తిరిగిచ్చారు. సాఫ్ట్‌వేర్‌లో కొత్త గడి పెట్టించాం. ఎవరు చెప్పారు. అది నింపనిదే ఏ తలుపూ తెరుచుకోదు. నోటిమాట చెల్లదు, చెప్పినవాళ్లు మెయిల్ పెట్టాలి. గార్డును పైకి పిలిచి ఈ గడి నీ రిజిస్టర్‌లోదే అని చూపిస్తే, సంతకం గడి కూడా పెట్టించుకోండని సలహా ఇచ్చి పోయాడు.

నేను రిటైరవ్వడానికి వారం ముందు, నా చివరి శుక్రవారం. మసీదులో అదే కుళాయి, అదే గార్డు, మళ్లీ అదే ఇంజనీరు ఫోన్. ఎక్కడో బయటి ఊళ్లో ఉన్నాడు, సర్వర్ అందడం లేదు, కాసేపు తెరిపించండి సార్. మనిషి అలవాటు ఎంత చెడ్డదో చూడండి. గార్డు డెస్క్ ఫోన్‌కు కలిపి నా చెవికి పట్టుకుంటే నేను మాట్లాడేశాను.

"బిడ్డా, దవాఖాన సర్వర్ జర తెరువు. నేనచ్చి..."

"మెయిల్ పెట్టుండ్రి సార్," అంది. "అచ్చినంక పెట్టినా సరె. అప్పటిదాక తీయ."

పెట్టేసింది. గార్డు ఫోన్ జేబులో వేసుకుంటూ ఏమన్నదని అడిగాడు. తీయదట అని చెప్పాను. చెబుతుంటే ముందు కొంచెం రోషమొచ్చిన మాట నిజం. ఆ వెంటనే కన్నీళ్లొచ్చాయి. ముఖం మీద నీళ్లు చల్లుకుంటున్నాను కాబట్టి ఆయనకు ఏమీ తెలియలేదు.

ఆఫీసుకు వచ్చి మెయిల్ పెట్టాను. ఆమె ఇంజనీరును ఒకే చోట కదలకుండా కూర్చోమని చెప్పి, ఆ ఒక్క చిరునామాకు మాత్రమే అరగంట తలుపు తీసి మూసింది. కొత్త గడిలో నా పేరు రాసింది. ముందు కాకా లేదు, వెనక సార్ లేదు, ఉత్త పేరు, పక్కన నా ఉద్యోగి నంబరు. శాలువా కప్పిన రోజున కూడా నేను తలుచుకున్నది ఆ గడినే.

ఆమె ఇప్పుడు ఆ గదిలో నా కుర్చీలో కూర్చుంటోందని గార్డు చెబుతుంటాడు. పండుగకు ఫోన్ చేస్తుంది, బేగంతో గంటసేపు మాట్లాడుతుంది. బేగంను పెద్దమ్మా అని పిలుస్తుంది. నన్ను మాత్రం ఇప్పటికీ సార్ అనే అంటుంది.